ఉద్యోగం వచ్చేది రెండో ప్రశ్నకి: నెల్లూరు, ఒంగోలు సైడు ఫ్రెషర్స్ ఇంటర్వ్యూకి ఎట్లా రెడీ కావాలంటే

డిగ్రీయో బీటెక్కో అయిపోయి, మెమోలు చేతికొచ్చి, ఇంట్లో "ఏమన్నా కాల్ వచ్చిందా అబ్బయా" అని పొద్దున టిఫిన్ దగ్గర ఒకసారి, రాత్రి అన్నం దగ్గర ఒకసారి అడుగుతుండే టైములో ఉండే పిలకాయల కోసం ఇది రాస్తుండా. నాది కావలి పక్కన పల్లె. ఇప్పుడు చెన్నైలో పని చేస్తుండా, మా ఆఫీసులో ఫ్రెషర్స్‌ని తీసుకునేటప్పుడు నన్ను కూడా ప్యానెల్లో కూర్చోబెడతారు. ఆడ కూర్చుని చూస్తే తెలిసేది ఏందంటే, మొదటి ప్రశ్నకి అందరూ చెప్తారు. యూట్యూబ్‌లో విన్నదో, సీనియర్ వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్‌లో చదివిందో, చాట్‌జీపీటీ రాసిచ్చిందో, ఏదో ఒక జవాబు అందరి దగ్గరా ఉంటది. మేము ఆ జవాబులో నుంచే ఒక మాట పట్టుకుని రెండో ప్రశ్న వేస్తాం. అక్కడ తేలిపోతది ఎవరు చేశారో, ఎవరు బట్టీ పట్టారో. అందుకని యాభై ప్రశ్నలకి యాభై జవాబులు కంఠతా పట్టడం మానేసి, నువ్వు నోటితో చెప్పబోయే ప్రతి మాటకీ దాని వెనకాల వచ్చే ప్రశ్న ఏందో ముందే చూసుకోవాలి. ఈ రాసేదంతా దాని గురించే.

ముందు రెజ్యూమె

ఒక పేజీ చాలు. ఫ్రెషర్‌కి రెండో పేజీలో పెట్టేంత సంగతి ఉండదు, ఉన్నా ఎవరూ తిప్పరు. కింద "ఐ హియర్‌బై డిక్లేర్" అని ప్రమాణం చెయ్యబళ్ళా, నాన్న పేరు, కులం, పెళ్ళయిందా లేదా ఇవేమీ అక్కర్లా. మెయిల్ ఐడీ ఇంటర్‌లో ఉండంగా ఫ్యాన్స్ గ్రూపు కోసం పెట్టుకున్నదయితే ఇప్పుడే పేరుతో కొత్తది చేసుకో.

స్కిల్స్ దగ్గర అందరూ ఒకే వరస రాస్తారు. సీ, జావా, పైథాన్, హెచ్‌టీఎంఎల్, ఎస్‌క్యూఎల్, ఎంఎస్ ఆఫీస్, మధ్యలో మెషిన్ లెర్నింగ్ అని కూడా పడేస్తారు ఎందుకంటే ఫ్రెండు రెజ్యూమెలో ఉండింది కాబట్టి. రెజ్యూమె ప్రింట్ తీసుకుని పెన్ను పట్టుకుని ఒక్కో మాట దగ్గరా ఆగు: ఇది నేను ఎక్కడ వాడా, వాడినప్పుడు ఏం తంటా వచ్చింది, అది ఎట్లా సర్దుకున్నా. ఈ మూడూ చెప్పలేని మాటని కొట్టెయ్. పదకొండు స్కిల్స్ మూడుకి వస్తే భయపడొద్దు, ఆ మూడింటి మీద అరగంట మాట్లాడేవాడే మాకు కావాల్సింది.

ఇంకో సంగతి, మన వైపు పిలకాయలు నిజంగా చేసిన పనిని రెజ్యూమెలో పెట్టరు, అదేదో చిన్నతనం అనుకుంటారు. ఒకసారి అల్లూరు వైపు అమ్మాయి ఒకామె వచ్చింది. రెజ్యూమె అంతా మామూలే, చిట్టచివర ఒక లైను, నాన్న రొయ్యల గుంటల లెక్కలు ఎక్సెల్‌లో రాస్తానని. మా మేనేజర్ మిగతాదంతా వదిలిపెట్టి దాన్నే పట్టుకున్నాడు. ఆమె చెప్పింది, రోజూ ఏ గుంటకి ఎన్ని కేజీల మేత పోయిందో ఎక్కిస్తా, వారానికోసారి వల విసిరి రొయ్య సగటు బరువు చూస్తారు, అది కూడా ఎక్కిస్తే పట్టుబడికి ఎంత కౌంటు వస్తదో షీటే చెప్తది అని. కౌంటు అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయని, యాభై కౌంటు కంటే ముప్పై కౌంటుకి రేటు ఎక్కువ. ఇది మొదటి జవాబు. రెండో ప్రశ్న, "షీట్ చెప్పిన కౌంటుకీ నిజంగా వచ్చినదానికీ తేడా ఎప్పుడన్నా వచ్చిందా?" వచ్చింది సార్, వానలు పట్టినప్పుడు నాన్న మేత తగ్గించాడు, తగ్గించినట్టు నాకు చెప్పలా, నేను పాత లెక్కే ఎక్కించా, తర్వాత నుంచి రిమార్క్స్ అని ఒక కాలమ్ పెట్టి వాన, కరెంటు, జబ్బు ఏమొచ్చినా దాంట్లో రాస్తుండా అనింది. మేము వెతుకుతుండేది డేటా ఎంట్రీ, రిపోర్టింగ్ పనికి. ఇంక అడగాల్సింది ఏముంది.

మీ ఇంట్లో కిరాణా కొట్టు ఉంటే స్టాకు చూసిందీ, ఊళ్ళో పిల్లలకి ట్యూషన్ చెప్పిందీ, కాలేజీ ఫెస్టుకి చందాలు వసూలు చేసి లెక్క అప్పజెప్పిందీ ఇవన్నీ పనే. రాయి.

టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్

దీనికి మన దగ్గర ఒక పాట ఉంది. "మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ నెల్లూరు, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై స్ట్రెంత్ ఈజ్ హార్డ్‌వర్క్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ ట్రస్ట్ ఎవ్రీబడీ." పొద్దున నుంచి సాయంత్రం దాకా ఇదే వింటాం. నాన్న రైతు అని చెప్పడం తప్పు కాదు, కానీ నీ నిమిషంలో సగం ఇంట్లోవాళ్ళకే పోతే నీ గురించి ఇంకెప్పుడు చెప్తావు.

నిమిషం, నిమిషంన్నర చాలు. పేరు, ఊరు, చదువు ఒక్క వాక్యంలో తేల్చెయ్. తర్వాత నువ్వు చేసిన ఒక పని గురించి మూడు నాలుగు వాక్యాలు, దీని మీదే ఎక్కువసేపు ఉండు. చివర్లో ఈ ఉద్యోగం ఎందుకో ఒక వాక్యం. ఉదాహరణకి ఈసీఈ చదివిన ఉదయగిరి అబ్బాయి అనుకో: "ఐ యామ్ ఫ్రమ్ ఉదయగిరి, ఐ కంప్లీటెడ్ ఈసీఈ దిస్ ఇయర్. ఫోర్ ఆఫ్ అజ్ బిల్ట్ ఎ వాటర్ లెవెల్ అలారం ఫర్ ఓవర్‌హెడ్ ట్యాంక్స్. మై పార్ట్ వాజ్ ద సెన్సార్ అండ్ ద ఆర్డుయినో కోడ్." చూడు ఎంత చిన్న చిన్న వాక్యాలో. గ్రామర్ తప్పడానికి దీంట్లో చోటే లేదు.

ఇప్పుడు దీని వెనకాల ఏం వస్తాయో చూడు. ఏ సెన్సార్ వాడావు? అల్ట్రాసోనిక్. అది దూరం ఎట్లా కొలుస్తది? శబ్దం పంపి, నీళ్ళకి తగిలి తిరిగొచ్చిన టైముని శబ్దం వేగంతో గుణించి రెండుతో భాగిస్తాం. రెండుతో ఎందుకు? సగం మంది ఇక్కడే ఆగిపోతారు, శబ్దం పోయి రావాలి కదా, అందుకని, ఇంతే సంగతి. ఆ తర్వాత ట్యాంకు మూత కింద ఆవిరి పట్టి సెన్సార్ మీద నీటిబొట్లు చేరితే రీడింగ్ ఏమవుద్ది అని అడగొచ్చు. ఇది పుస్తకంలో ఉండదు, డాబా ఎక్కి ట్యాంకులో పెట్టి చూసినోడికే తెలుస్తది.

ఇంటరడక్షన్ రాసుకున్నాక ప్రతి వాక్యం పక్కన ఇట్టా రెండు ప్రశ్నలు నువ్వే రాసుకో. రాయలేకపోతే చెల్లెలికో తమ్ముడికో చదివి వినిపించి "నీకేం అడగబుద్ధవుతుంది" అని అడుగు. సబ్జెక్టు తెలీనివాళ్ళు అడిగేవే నేరుగా గుచ్చుకుంటాయి.

ప్రాజెక్టు సంగతి

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చాలామంది డబ్బులిచ్చి తెచ్చుకుంటారు, అది నీకూ తెలుసు, నాకూ తెలుసు, ప్యానెల్లో ఉండేవాళ్ళందరికీ తెలుసు. మంచా చెడ్డా అనే చర్చ ఈడ వద్దు, ఇప్పుడు ఏం చెయ్యాలో చూద్దాం. ఆ సీడీయో జిప్ ఫైలో తీసి నీ ల్యాప్‌టాప్‌లో, లేకపోతే ఫ్రెండు ల్యాప్‌టాప్‌లో నువ్వే సొంతంగా ఇన్‌స్టాల్ చెయ్. నడిచేదాకా ఎర్రర్లు వస్తాయి, ఆ ఎర్రర్లే నీ అసలు ప్రాజెక్టు, ఒక్కోటీ ఎట్లా తీశావో కాయితం మీద రాసిపెట్టుకో. నడిచాక దాంట్లో ఒకటి మార్చు, లాగిన్ పేజీలో ఫోన్ నంబర్ పది అంకెలు లేకపోతే ఒప్పుకోకుండా చెయ్, చాలు. తర్వాత డేటాబేస్ టేబుల్స్ పెన్నుతో గీసి ఏది దేనికి కలిసిందో చూసుకో. పది రోజులు కూర్చుంటే ఆ ప్రాజెక్టు సగం నీదే అవుద్ది. ఇంటర్వ్యూలో కూడా నలుగురిలో నేను ఈ ముక్క చూసుకున్నా, ఈ మార్పు చేశా అని అంతవరకే చెప్పు. మొత్తం నేనే చేశా అన్నావంటే మొత్తం మీదా అడుగుతారు.

సాఫ్ట్‌వేర్ వైపు అడిగే బేసిక్స్ కూడా ఇంతే. రెండో ఎక్కువ జీతం తీసే ఎస్‌క్యూఎల్ క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) రాయమంటే అందరూ రాస్తారు, ఎందుకంటే అది ప్రతి పీడీఎఫ్‌లో ఉంది. జీతాలని ఎక్కువ నుంచి తక్కువకి పేర్చి, ఒకటి వదిలి ఒకటి తియ్ అని లిమిట్, ఆఫ్‌సెట్‌తో రాస్తారు. వెంటనే "టాప్ జీతం ఇద్దరికి ఉంటే నీ క్వెరీ ఏం ఇస్తది?" అని అడుగుతాం. డిస్టింక్ట్ (ఒకే విలువ రెండుసార్లు రాకుండా చేసే మాట) పెట్టకపోతే మళ్ళీ ఆ టాప్ జీతమే వస్తది. ఫోన్‌లో ఆన్‌లైన్ ఎడిటర్ తెరిచి ఐదు వరసల టేబుల్ పెట్టుకుని ఒకసారి నడిపి చూసినవాడికి ఇది చెప్పబళ్ళా. వంద ప్రశ్నలు చదివేకంటే ఇరవై ప్రశ్నలు నడిపి, చెడగొట్టి, మళ్ళీ బాగు చేసి చూడడం మేలు. తెలీకపోతే తెలీదు అను, కానీ అక్కడ ఆపేయకుండా "నేనైతే ఇట్లా మొదలుపెడతా" అని ఒక అడుగు వెయ్, ఆ అడుగుకే మార్కులు పడతాయి.

ఆప్టిట్యూడ్ టెస్టు గురించి ఎక్కువ చెప్పేది లేదు. పర్సెంటేజీలు, రేషియోలు, టైమ్ అండ్ వర్క్, రోజుకి ఒక గంట టైము పెట్టుకుని చెయ్. ఆన్‌లైన్ టెస్టుల్లో చాలావరకు కెమెరా ఆన్‌లో ఉంటది, ట్యాబ్ మార్చినా పక్కనోడితో మాట్లాడినా రికార్డు అవుద్ది, ఆ తెలివితేటలు పెట్టొద్దు.

ఐటీ కాకపోతే

మన ఏరియాలో ఇంటర్వ్యూ అనంగానే హైదరాబాదు, అమీర్‌పేట, సాఫ్ట్‌వేర్ అంటారు గానీ పక్కనే ఉండే పనులకి ఎట్లా తయారవ్వాలో చెప్పేవాళ్ళే తక్కువ. కృష్ణపట్నం పోర్టు, ముత్తుకూరు వైపు నూనె రిఫైనరీలు, పవర్ ప్లాంట్లు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, చీమకుర్తి గ్రానైట్, తడ పక్కన శ్రీసిటీ, ఇవన్నీ మనుషుల్ని తీసుకునేవే.

బీకామ్ వాళ్ళకి, ట్యాలీ వచ్చు అని రాస్తే ఎంట్రీ అడుగుతారు. నెల్లూరు పార్టీకి యాభై వేల సరుకు అప్పు మీద అమ్మావు, జీఎస్టీ 18 శాతం, చెప్పు. పార్టీ అకౌంట్ డెబిట్ 59,000, సేల్స్ క్రెడిట్ 50,000, సీజీఎస్టీ 4,500, ఎస్‌జీఎస్టీ 4,500. బాగుంది. రెండో ప్రశ్న, అదే పార్టీ చెన్నైలో ఉంటే? రాష్ట్రం దాటింది కాబట్టి రెండుగా చీల్చకుండా మొత్తం 9,000 ఐజీఎస్టీ. నెలనెలా ఫైల్ చేసేవాళ్ళకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క) పదకొండో తేదీ లోపు, జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్ను) ఇరవై లోపు, ఇది కూడా నాలుక మీద ఉండాలి. పోర్టు దగ్గర కస్టమ్స్ పని చేసే ఆఫీసులకి పోతుంటే షిప్పింగ్ బిల్లుకీ బిల్ ఆఫ్ ఎంట్రీకీ తేడా చూసుకో. చీమకుర్తి రాయి బయటి దేశానికి పోతే షిప్పింగ్ బిల్లు, బయటి నుంచి పామాయిల్ దిగితే బిల్ ఆఫ్ ఎంట్రీ.

బీఎస్సీ మైక్రోబయాలజీ, జువాలజీ, ఫిషరీస్ చదివి రొయ్యల ప్లాంట్లో క్వాలిటీ పనికి పోయేవాళ్ళు హెచ్‌ఏసీసీపీ (తిండి సరుకు తయారీలో ఎక్కడ ప్రమాదం రావొచ్చో ముందే చూసి అదుపు చేసే పద్ధతి) అంటే ఏందో చదువుకుని పోండి, ఫుల్ ఫామ్ ఒక్కటే కాదు. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచాలి అని అందరూ చెప్తారు. రాత్రి షిఫ్ట్‌లో నువ్వొక్కడివే ఉన్నావు, కోల్డ్ స్టోరేజీ మీటర్ మైనస్ 12 చూపిస్తుంది, ఏం చేస్తావు? ఈ ప్రశ్నకి కంగారుపడి "మెకానిక్‌ని పిలుస్తా" అంటే సగం జవాబే. ముందు ఇంకో థర్మామీటర్‌తో చూసుకోవాలి మీటరే తప్పేమో అని, తలుపు తెరిచి ఉందేమో చూడాలి, సూపర్‌వైజర్‌కి, మెయింటెనెన్స్‌కి చెప్పాలి, ఆ సరుకు బయటికి పోకుండా ఆపి టైముతో సహా రిజిస్టర్‌లో రాయాలి. క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్స్ ఆనవాలు దొరికితే బయటి దేశం వాళ్ళు కంటైనర్‌ని వెనక్కి పంపిస్తారు, అందుకని ఆ టెస్టులు ఎందుకు చేస్తారో కూడా తెలిసుండాలి.

డిప్లొమా, మెకానికల్ వాళ్ళకి శ్రీసిటీ లాంటి చోట వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) చేతిలో పెట్టి కొలవమంటారు. లీస్ట్ కౌంట్ (అది కొలవగలిగే అతి చిన్న కొలత) 0.02 మిల్లీమీటర్లు అని చెప్పడం వేరు, ఆ గీతలు చదవడం వేరు. పాత కాలేజీ ల్యాబ్‌కి పోయి సార్‌ని బతిమాలి ఒక గంట కూర్చుని చదవడం నేర్చుకో. షిఫ్టులకి ఒప్పుకుంటావా అనేది కచ్చితంగా అడుగుతారు, ఇంట్లో ముందే మాట్లాడుకునిపో, ఆడ కూర్చుని "నాన్నని అడిగి చెప్తా" అంటే ఇంకొకరిని పిలుస్తారు.

ఇంగ్లీషు

మనోళ్ళకి అసలు భయం ఇదే. తెలుగు మీడియంలో చదివినవాడికి విషయం తెలిసినా నోరు పెగలదు. నేను చూసినంతలో ఇంగ్లీషు తప్పులకి ఎవరినీ తీసెయ్యలా, అర్థం కాకుండా గడగడా చదివేసినవాళ్ళనీ, ఏమీ మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళనీ తీసేశారు. కాల్ సెంటర్ ఉద్యోగాలకి మాత్రం వేరే, అక్కడ మాట తీరే పని కాబట్టి వాయిస్ టెస్ట్ పెట్టి మార్కులేస్తారు.

చెయ్యాల్సింది రోజూ ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఒక ప్రశ్నకి జవాబు చెప్పడం, విని చూసుకోవడం. మొదటి వారం నీ గొంతు నీకే నచ్చదు, మామూలే. వినేటప్పుడు గ్రామర్ కాదు, "యాక్చువల్లీ", "బేసికల్లీ" ఎన్నిసార్లు పడ్డాయో, వాక్యం మొదలుపెట్టి ముగించకుండా ఎక్కడ వదిలేశావో చూడు. ఒక ఫ్రెండుతో ఒప్పందం పెట్టుకుని రాత్రి పూట ఫోన్‌లో పావుగంట ఇంగ్లీషులోనే మాట్లాడండి, ఒకరు ప్రశ్న, ఒకరు జవాబు, నవ్వుకున్నా పర్లేదు. ప్రశ్న అర్థం కాకపోతే "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ సర్" అనడానికి సిగ్గుపడొద్దు, అర్థం కాని ప్రశ్నకి ఏదో ఒక జవాబు చెప్పడం కంటే అది వందరెట్లు నయం. చెన్నైలో ఒక్కోసారి ఎదుటివాళ్ళు పరధ్యానంగా తమిళంలోకి పోతారు, "సర్, ఐ నో తెలుగు అండ్ ఇంగ్లీష్" అని నవ్వుతూ చెప్తే వాళ్ళే మారతారు.

ఆన్‌లైన్ అయితే, ఊరెళ్ళాలంటే

ఊళ్ళో కరెంటు, సిగ్నల్ సంగతి నీకు నేను చెప్పబళ్ళా. వీడియో ఇంటర్వ్యూ ఉందంటే నెల్లూరులోనో ఒంగోలులోనో ఫ్రెండు రూమ్ చూసుకో, ల్యాప్‌టాప్ ఫుల్ చార్జింగ్, పక్కన హాట్‌స్పాట్‌కి వేరే నెట్‌వర్క్ సిమ్ ఉండే ఫోన్. వెలుతురు మొహం మీద పడాలి, కిటికీకి వీపు పెడితే నీ మొహం నల్లగా కనపడతది. లింకు ముందురోజే తెరిచి మైక్, కెమెరా పర్మిషన్లు ఇచ్చిపెట్టుకో. మధ్యలో కట్ అయితే కంగారుపడకుండా మళ్ళీ చేరు, అప్పటికీ కాకపోతే హెచ్‌ఆర్‌కి ఫోన్ చెయ్, అందుకే ఆ నంబర్ కాయితం మీద రాసుకోవాల. పక్క స్క్రీన్‌లో జవాబులు పెట్టుకుని చదివితే కళ్ళు పక్కకి కదలడం మాకు బాగా కనపడతది, ఎవరూ అనరు అంతే.

నేరుగా పోవాలంటే, హైదరాబాదుకి రాత్రి రైలు సింహపురి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో ఉంటావు, స్టేషన్ వెయిటింగ్ హాల్లో స్నానం చేసి ఇస్త్రీ చొక్కా అక్కడే తొడుక్కోవచ్చు, రైల్లో వేసుకుని పడుకోవద్దు. చెన్నైలో పొద్దున తొమ్మిదికి ఇంటర్వ్యూ ఉంటే పినాకిని రైలుని నమ్ముకోవద్దు, అది పొద్దున విజయవాడలో బయల్దేరి చెన్నై చేరేసరికి మధ్యాహ్నమవుద్ది, ముందురోజు సాయంత్రమే పోయి చుట్టాల ఇంట్లో పడుకో. శ్రీసిటీకి తడలో దిగాల, లోపల కంపెనీకీ కంపెనీకీ చాలా దూరం, ఏ గేటో, ఏ వీధో మెయిల్‌లో చూసుకుని పో. నాన్న తోడొస్తానంటే రానీ, తప్పేం లేదు, గేటు బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు.

కాయితాలు: టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులుండే మెమో), ఆధార్, పాన్, ఫోటోలు. జిరాక్స్ రెండు సెట్లు. ఒరిజినల్స్ చూపించు, వదిలిపెట్టి మాత్రం రావద్దు. మనవైపు అసలు తలనొప్పి పేర్లతో వస్తది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటది, పాన్‌లో వెనకాలకి పోతది. సెలెక్ట్ అయ్యాక వెరిఫికేషన్‌లో ఇది ఇరుక్కుంటది. టెన్త్ మెమోలో ఎట్లా ఉందో అదే లెక్క అనుకుని ఆధార్, పాన్, బ్యాంకు అన్నీ దానికి తగ్గట్టు ఇప్పుడే మార్పించుకో, వారాలు పడతది.

హెచ్‌ఆర్ అడిగేవి

గ్యాప్ ఎందుకొచ్చింది అంటే గ్రూప్స్‌కో బ్యాంకుకో డీఎస్సీకో కోచింగ్ తీసుకున్నా అని నిజమే చెప్పు, దాంట్లో దాచేదేం లేదు. కానీ వెనకాలే వస్తది, "మళ్ళీ నోటిఫికేషన్ పడితే వెళ్ళిపోతావా?" దీనికి ఆడికి పోయాక ఆలోచించుకుంటే మొహంలోనే తెలిసిపోతది. రాయనని నిర్ణయించుకుంటే రాయనని చెప్పు. ఇంకా రాయాలని ఉంటే, బాండు (ఇన్నేళ్ళు మానకూడదనే ఒప్పందం) ఉండే ఉద్యోగానికి పోకుండా ఉండడమే నీకూ వాళ్ళకీ మంచిది. బ్యాక్‌లాగ్స్ ఉంటే ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు క్లియర్ అయ్యాయో లెక్క చెప్పు, లెక్చరర్ల మీదకి తొయ్యొద్దు. వీక్‌నెస్ అడిగితే "నేను ఎక్కువ కష్టపడతా" లాంటి పొగడ్త వద్దు, నిజమైన చిన్నది ఒకటి చెప్పి దానికి ఏం చేస్తున్నావో చెప్పు. నీకేమన్నా ప్రశ్నలున్నాయా అంటే మొదటి మూడు నెలలు ట్రైనింగ్ ఎట్లా ఉంటది, ఏ టీమ్‌తో పని అని అడుగు.

జీతం, బాండు, మోసాలు

సంవత్సరానికి మూడు లక్షల అరవై వేల సీటీసీ (కంపెనీకి నీ మీద అయ్యే మొత్తం ఖర్చు) అంటే ఇంట్లో నెలకి ముప్పై వేలు అనుకుని ఊరంతా చెప్పేస్తారు. రవంత లెక్క చూడు. నెలకి 30,000లో బేసిక్ 15,000 అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ కింద 720 దాకా దాంట్లోనే కలిపి చూపిస్తారు. మిగిలింది 27,480. దాంట్లో నీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, మన రాష్ట్రంలో ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే చేతికి 25,480. ఇన్సూరెన్సు ఉంటే ఇంకొంచెం తగ్గుద్ది. సీటీసీలో పది శాతం వేరియబుల్ (పనితీరుని బట్టి ఇచ్చేది) అని రాసుంటే నెలకి ఇంకో మూడు వేలు పక్కకి పోయి, అది ఎప్పుడిస్తారో వాళ్ళ ఇష్టం. అందుకని ఆఫర్ వచ్చాక "చేతికి ఎంత వస్తది, వేరియబుల్ ఎంత" అని మర్యాదగా అడగొచ్చు, ఎవరూ ఏమనుకోరు. బాండు ఉంటే ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, నోటీస్ పీరియడ్ ఎంత, ఇవి కాయితం మీద చదివాకే సంతకం పెట్టు.

ఉద్యోగం ఇచ్చేవాడు నీ దగ్గర డబ్బులు తీసుకోడు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ అడ్వాన్స్, ఏ పేరు పెట్టినా అది మోసమే. బ్యాక్‌డోర్ (దొడ్డిదారిన ఉద్యోగం) అని లక్షలు అడిగేవాళ్ళు మన ఊళ్ళల్లో చుట్టాల ద్వారానే వస్తారు, అందుకే కాదనలేక పొలం తాకట్టు పెట్టి కట్టినవాళ్ళు ఉండారు. ఆఫర్ లెటర్ మామూలు జీమెయిల్ నుంచి వస్తే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే నంబర్‌కి ఫోన్ చేసి అడుగు, లెటర్‌లో ఉండే నంబర్‌కి కాదు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే వాళ్ళ జోలికి పోవద్దు, నిజంగా పనిచేసుంటే చాలావరకు పీఎఫ్ ఖాతాలో ఆ కంపెనీ కనపడతది, యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబర్) కొట్టి చూస్తే తెలిసిపోతది, చేరిన ఆర్నెల్లకి కూడా తీసేస్తారు. ఒకవేళ డబ్బులు కట్టేసి ఉంటే ఇంట్లో చెప్పడానికి భయపడి రోజులు గడపొద్దు, ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ట్రాన్సాక్షన్ నంబర్ చెప్పు, ఆలస్యమయ్యే కొద్దీ ఆ డబ్బు వేరే ఖాతాల్లోకి మారిపోతా ఉంటది.